ఆదివారాలు ఆగిపోయే జీపు

అశోక్‌నగర్ పోస్టింగ్‌లో నేను రిపోర్ట్ చేసింది మే నెల ఎండలో, మిట్టమధ్యాహ్నం. సామాను ఒక హోల్డాల్ పరుపుచుట్ట, ఒక టూల్ బాక్సు, కరెంటు చూసే ఒక మల్టీమీటర్. ఆర్డర్ ఇచ్చింది కమాండింగ్ ఆఫీసర్ కాదు, రిటైరైన లెక్చరర్ సారు. సర్కారు కొలువుల పరీక్షలకు చదివే ఆడపిల్లల హాస్టల్ ఆయనది. పరీక్ష రోజు పిల్లల్ని సెంటర్ల దగ్గర దించడానికి ఆయన తండ్రి నాటి పెట్రోలు జీపు ఉంది. దాన్ని నడపాలి, బాగుచేయాలి. నా బస మెట్ల కింది గది.

మీరంతా బార్డర్ కబుర్లు చెప్పమంటారు. చెప్తాను, ఇంకోసారి. ఫౌజులో హవల్దారుగా ఉన్నన్నాళ్లూ మంచులో, ఇసుకలో బండ్లు రిపేరు చేశాను. అక్కడ శత్రువు ఎటువైపు ఉంటాడో తెలిసేది. ఇక్కడ తెలియలేదు. అందుకే ఈ డ్యూటీ చెప్తున్నాను.

గేటు దాటితే జిరాక్స్ షాపులు, టిఫిన్ బండ్లు, కోచింగ్ బోర్డులు. అటు చిక్కడపల్లి, ఇటు నారాయణగూడ. మా దళంలో ముఖ్యులు ఇద్దరు. వంట చేసే ఎల్లమ్మక్క, ముందూ వెనకా ఎవరూ లేక హాస్టల్లోనే ఉంటుంది. పిల్లల్లో సుజాత, జనగామ దిక్కు పల్లె నుంచి వచ్చింది. పోలీసు ఉద్యోగానికి వయసు దాటబోతోంది. ఆమెకు మిగిలినవి రెండే పరీక్షలు.

మొదటి ఆదివారం నారాయణగూడ చౌరస్తాలో జీపు దానంతటదే ఆగింది. లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది, సెల్ఫ్ తిరుగుతోంది. ఇంజన్ మాత్రం అందుకోవట్లేదు. సారు దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

"ఎక్కడున్నవ్ హవల్దారూ?"

"చౌరస్తాల సార్. బండి బందైంది."

"ఎంతసేపు?"

"తెల్వది సార్."

బానెట్ ఎత్తి వెనక్కి వాల్చాను. దాని లోపలి రేకుకు కట్టిన నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు నా మొహం ముందు ఊగాయి. సారుకు దిష్టీ గిష్టీ అంటే ఒళ్లుమంట. ఆయన కంటపడకుండా ఎవరో లోపల కట్టారనుకున్నాను. ఫౌజులో మా బండ్లకూ కట్టేవాళ్లం. వేళ్లతో తాకి కళ్లకద్దుకున్నాను. తర్వాత ఒక్కో తీగా కదిపి చూశాను. అన్నీ గట్టిగానే ఉన్నాయి. సెల్ఫ్ కొడితే ఒక్క దెబ్బకు స్టార్టయింది. పిల్లలు వేళకే చేరుకున్నారు, సుజాతకు ఆ రోజు పరీక్ష లేదు. నాకు మాత్రం అది నచ్చలేదు. కారణం చెప్పకుండా బాగైన బండిని నేను నమ్మను.

వారమంతా ముషీరాబాద్ కూరగాయలకు, బషీర్‌బాగ్ పనులకు తిప్పాను. ఒక్కసారి కూడా ఆగలేదు. అయినా చిక్కడపల్లి ఎలక్ట్రీషియన్ దగ్గర కాయిల్ మార్పించాను. కాయిల్ అంటే ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే డబ్బా. దాని మీద తీగలు బిగించే మొనలకు, అంటే టెర్మినల్స్‌కు, రబ్బరు టోపీలు ఉండాలి. పాతదానికి లేవు, కొత్తదానికీ లేవు.

"టోపీ లేకున్నా నడుస్తది అన్నా. ఏం పరేషాన్ గాకు," అన్నాడతను.

అంత ధీమాగా చెప్పేసరికి అతని మీద కూడా అనుమానం వచ్చింది.

రెండో ఆదివారం ముగ్గురు పిల్లల్ని నారాయణగూడలో దించాను. సుజాత సెంటర్ అంబర్‌పేట్‌లో. దారిలో ఒక గుంత మీద కుదుపు, ఇంజన్ ఆగింది. బానెట్ తీశాను, ఏ లోపమూ లేదు. మూసి స్టార్ట్ చేశాను, నడిచింది. కొంచెం దూరం పోయి మళ్లీ ఆగింది. సుజాత చెప్పులు చేత పట్టుకుని దిగి పరుగెత్తింది, మధ్యలో ఆటో ఎక్కింది. ఆమె చేరేసరికి గేటు మూశారు. నిమిషం ఆలస్యమైనా లోపలికి పంపరని మీకు తెలుసు కదా. నేను జీపుతో చేరుకున్నప్పుడు ఆ పిల్ల గేటు ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. ఏడవలేదు. "ఇంకోటి ఉంది గద అన్నా," అంది. ఏడ్చి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆ రాత్రి కూర్చుని ఆలోచించాను. తీగ తెగితే సోమవారమూ తెగే ఉంటుంది. లోపానికి క్యాలెండర్ తెలియదు, మనిషికి తెలుసు. ఆదివారమే ఆగుతోందంటే ఎవరో ఆపుతున్నారు. సారుకు అదే చెప్పాను.

"ఎవరో పేరు చెప్పు. అదే రోజు బయటికి పంపుత," అన్నారాయన.

ఇక అందరి చేతులూ చూడటం మొదలుపెట్టాను. పని పోయిన పాత డ్రైవర్ వీధిలో కనిపిస్తే వెంటపడి ఎక్కడికి పోతున్నాడో చూశాను. సుజాతకు పోటీగా అదే ఉద్యోగానికి చదివే రూమ్మేట్‌ను అడ్డదిడ్డంగా ప్రశ్నించాను. ఆ పిల్ల చిరాగ్గా ఒక్క మాట అంది: "శనివారం జీపు కాడ ఎల్లమ్మక్క ఉండే. ఆమెను అడుగు."

అది నా బుర్రలో ముల్లులా దిగింది. సుజాతంటే ఎల్లమ్మక్కకు ప్రాణం. పిల్ల తలకు నూనె రాయకపోతే ఆమెకు అన్నం దిగదు. ఉద్యోగం వస్తే సుజాత వెళ్లిపోతుంది. మరి వెళ్లకుండా ఉండాలంటే? ఇంత నీచంగా ఆలోచించగలనని నాకు అంతకుముందు తెలియదు. అయినా ఆలోచన ఆగలేదు.

శనివారం సాయంత్రం ఆరింటికి షెడ్డులో మాటువేశాను. రేపటి కోసం సరిచూడటానికి వేసిన ఇంజన్ ఆడుతూ ఉంది, బానెట్ ఎత్తే ఉంది. టీకి పోతున్నానని గట్టిగా చెప్పి నీళ్ల ట్యాంకు వెనక నిలబడ్డాను. కాసేపటికి ఎల్లమ్మక్క వచ్చింది. అటూ ఇటూ చూసింది. కొంగులోంచి ఏదో తీసి బానెట్ వైపు చెయ్యి పెట్టింది. ఒక్క అంగలో వెళ్లి మణికట్టు పట్టుకున్నాను.

"కొలువొస్తే పిల్ల పోతదనేనా అక్కా, బండి ఆపుతున్నవ్?"

ఆమె నా మొహంలోకి చూసింది. చెయ్యి తెరిచింది. నిమ్మకాయ, మిరపకాయలు, ఇనుప తీగ.

"ఎంత మాటంటివి తమ్మీ," అంది. "పిల్లలకు దిష్టి తగలొద్దని కడ్త. సారు చూస్తే తిడ్తడని లోపల కడ్త. ఆదివారం అందరు మంచిగ మర్లొచ్చినంక తీసి పడేస్త."

నాకు తల కొట్టేసినట్టయింది. చెయ్యి వదిలేశాను. నేను కళ్లకద్దుకున్నది ఆమె కట్టిందేనా అని నవ్వొచ్చింది కూడా. కట్టుకో అక్కా అన్నాను. రేపు సుజాతకు ఆఖరు పరీక్ష అని ఈసారి పెద్ద కాయ తెచ్చింది, తీగ కూడా పొడుగు. రేకుకు కట్టి, దణ్ణం పెట్టి, బానెట్‌ను మెల్లగా దించింది.

ఇంజన్ ఆగిపోయింది.

నేను సెల్ఫ్ కొట్టాను, అందుకోలేదు. "ఎత్తు అక్కా," అన్నాను. ఎత్తింది. స్టార్టయింది. "దించు." దించింది. ఆగింది. సందులోంచి టార్చి వేసి చూశాను. నిమ్మకాయ కింద వంచిన తీగ కొస, టోపీ లేని కాయిల్ టెర్మినల్ మీద కూర్చుంది. రవ్వ పుట్టించాల్సిన కరెంటు తీగ గుండా రేకులోకి పోతోంది. రోడ్డు మీద ఊగి తగిలినప్పుడు బండి ఆగేది. నేను బానెట్ ఎత్తగానే లోపం కూడా దాంతోపాటే పైకి లేచేది. అందర్నీ అనుమానించాను, కళ్లెదురుగా ఊగినదాన్ని తప్ప.

"ఇదేనా తమ్మీ?"

"ఇదే అక్కా."

"పోయిన ఆదివారం గూడ?"

అబద్ధం కోసం వెతికాను. సమయానికి దొరకలేదు. ఆమె నిమ్మకాయ విప్పి, తీగ పీకేసి, లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు పిల్లలకు వడ్డించడానికి కూడా రాలేదు. సారు ఫోన్ చేశారు.

"దొరికిండా హవల్దారూ?"

"లోపం దొరికింది సార్. కాయిల్ టెర్మినల్ బాడీకి తగుల్తుంది. రబ్బరు పెట్టిన."

"ఎవరో చేస్తున్నరంటివి?"

"ఎవరు లేరు సార్."

తెల్లవారి జీపు ఎక్కడా ఆగలేదు. అంబర్‌పేట్‌లో సుజాత దిగేసరికి సెంటర్ గేటు ఇంకా తెరవనే లేదు. "ఎల్లమ్మక్క ఇయ్యాల బయటికి రాలె అన్నా. ఒంట్ల బాగలేదా?" అని అడిగింది. బాగానే ఉందన్నాను. గేటు తెరిచాక ఆమె లోపలికి వెళ్లేదాకా చూసి వెనక్కి తిరిగాను.

హాస్టల్ గేటు మెట్టు మీద ఎల్లమ్మక్క కూర్చుని ఉంది. కుడిచెయ్యి పిడికిలి బిగించి ఒళ్లో పెట్టుకుంది.

"పోయిందా?"

"లోపలికి పోయింది అక్కా. టైముకు ముందుగాల్నే."

పిడికిలి విప్పింది. నిన్న విప్పిన నిమ్మకాయే. పొద్దుటి నుంచి పట్టుకుని ఉన్నట్టుంది, మెత్తబడి అరచేతికి అంటుకుంది. జేబులోంచి నూలు దారం తీశాను.

"ఇయ్యి అక్కా. దారంతోని బయట బంపర్‌కు కడ్దాం. ఏం గాదు."

ఆమె పిడికిలి మళ్లీ మూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. "వద్దు తమ్మీ. నా చెయ్యి పడితే ఆగుతది."

ఆ చలికాలం జీపు పాత సామాన్లవాడికి పోయింది. నేను మా ఇంటికి వచ్చేశాను. ఇప్పటికీ ఏ బండి బానెట్ ఎత్తినా ముందు ఇంజన్ కనిపించదు. మళ్లీ మూసుకుపోతున్న ఆ పిడికిలి కనిపిస్తుంది.