పూజగది స్పీకరు

ప్రేమదాసుకి ఎడమ చెవి సరిగా వినపడదు. పదహారేళ్ళకే టెంట్ హౌస్‌లో చేరి, జగ్గయ్యపేట చుట్టుపక్కల పెళ్ళిళ్ళకీ, చర్చి పండగలకీ, ఎన్నికల ఆటోలకీ హారన్ మైకులు కట్టీ కట్టీ పోగొట్టుకున్న చెవి అది. ఇప్పుడాయనకి యాభై మూడేళ్ళు. మైకు సెట్లకి గిరాకీ తగ్గాక ఇళ్ళలో సీలింగ్ స్పీకర్లు బిగించడం నేర్చుకున్నాడు. నేర్పినవాడెవడూ లేడు. చెడిపోయినవి విప్పి, మళ్ళీ బిగించి, తనే నేర్చుకున్నాడు. అయినా ఊళ్ళో ఆయన ఇంకా మైకుల ప్రేమదాసే. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

నేను సీలింగ్ పనివాణ్ణి. జిప్సం షీట్లతో కప్పు మూసి, ఆయన పెన్సిల్‌తో గీసిన చోట గుండ్రంగా కన్నాలు కోస్తాను. ఆయన వైరు కిందికి లాగి, స్పీకరుకి కలిపి, పైకి నెట్టేముందు వైరు రెండో చివర టార్చిలైటు బ్యాటరీ ఒకటి ఆనిస్తాడు. స్పీకరు టక్కుమంటుంది. కుడి చెవి అటు తిప్పి వింటాడు. ఆ టక్కు నచ్చకపోతే విప్పి మళ్ళీ కలుపుతాడు. వినకుండా ఒక్క స్పీకరు కూడా పైకి పోదు. ఆయనతో నాలుగేళ్ళుగా పని చేస్తున్నా, ఒక్కసారి కూడా ఆ పద్ధతి తప్పగా చూడలేదు.

ఓంకార్‌గారింట్లో తప్పించారు.

ఓంకార్‌గారికి జగ్గయ్యపేటలో ఎరువుల కొట్టుంది. కొత్త ఇంటికి ఎనిమిది స్పీకర్లు పెట్టించాడు. ఆ పని మీద ప్రేమదాసు చాలా ఆశ పెట్టుకున్నాడు. నందిగామలో సాంబయ్యగారని ఒక రైతు పెద్ద ఇల్లు కడుతున్నాడు. పన్నెండు స్పీకర్లు. "ఓంకార్ ఇంటి గృహప్రవేశానికి నేనూ వస్తున్నా. అక్కడ విని, నచ్చితే పని నీకే" అన్నాడాయన. అంత పెద్ద పని ప్రేమదాసు చేతికి ఎప్పుడూ రాలేదు. అది చేస్తే ఇక మైకులవాడని ఎవరూ అనరని ఆయన నమ్మకం.

గృహప్రవేశానికి ముందు రోజు మధ్యాహ్నానికి ఏడు స్పీకర్లు అయిపోయాయి. ఎనిమిదోది పూజగదిలో. ప్రేమదాసు నిచ్చెన ఎత్తుకుని గుమ్మం దాకా వెళ్ళాడో లేదో, ఓంకార్‌గారి తల్లి వాసవాంబగారు అడ్డం వచ్చింది.

"ఏమయ్యా, అక్కడే ఆగు. పొద్దున పీఠం పెట్టించాం."

"ఒక్క స్పీకరే అమ్మగారూ. పది నిమిషాల్లో వచ్చేస్తా."

"మా వాడు పెడతాళ్ళే. నువ్వు బయటనించి చెప్పు."

అంతకు రెండ్రోజుల ముందు అదే గదిలో నేను చెప్పుల కాళ్ళతో నిలబడి కన్నం కోశాను. నెత్తినిండా పొడి రాలింది. అప్పుడెవరూ అడ్డుపడలేదు. పాలరాయి పీఠం వచ్చిన పూటనించీ మేం పనికిరాకుండా పోయాం.

ఓంకార్‌గారు లుంగీ ఎగగట్టి నిచ్చెనెక్కాడు.

"రాగి పోగులు ఒకదానికొకటి తగలనియ్యకండి. విడివిడిగా టేపు చుట్టండి" అన్నాడు ప్రేమదాసు గుమ్మం బయటనించి.

"ఈమాత్రం నాకు రాదా? ఫోన్లో వీడియో చూశాలే."

"పైకి నెట్టకండి సార్. ఒక్కసారి నేను హాల్లో బ్యాటరీ ఆనించి..."

"వద్దు" అంది వాసవాంబగారు. "ఆ గదిలో మొదటి శబ్దం అమ్మవారి స్తోత్రమే కావాలి. నీ టక్కులూ టిక్కులూ వద్దు."

"పోనీ హాల్లో యాంప్లిఫయరు వేసి, ఆ స్తోత్రమే..."

"రేపు ముహూర్తానికి వేస్తాంగా! ఎందుకయ్యా అంత తొందర?"

స్పీకరు పైకి వెళ్ళిపోయింది. ప్రేమదాసు చెవి అటు తిప్పే ఉంచాడు, వినడానికేమీ లేకపోయినా.

మర్నాడు తొమ్మిదిన్నరకి ముహూర్తం. మా ఇద్దర్నీ గేటు దగ్గర ఉండమన్నారు. లోపల గంట మోగింది, మంత్రాలు వినపడ్డాయి, తర్వాత అంతా ఆగింది. స్తోత్రం మాత్రం రాలేదు. ఓంకార్‌గారు బయటికొచ్చి, చుట్టాలందరి ముందూ అరిచాడు.

"ఏం చేశావయ్యా? యాంప్లిఫయరు మీద ఎర్ర లైటు తప్ప ఏమీ లేదు!"

"చర్చి మైకులు కట్టేవాడికి ఇంటి పనిస్తే ఇంతేగా" అన్నాడొక చుట్టం. పదిమంది నవ్వారు. కాఫీ గ్లాసు పట్టుకుని సాంబయ్యగారు అక్కడే ఉన్నాడు. ఆయన నవ్వలేదు కానీ, ప్రేమదాసుని కిందినించి పైకి ఒకసారి చూశాడు.

ప్రేమదాసు కాళ్ళు కడుక్కుని హాల్లోకి వెళ్ళి, యాంప్లిఫయరు వెనక చెయ్యి పెట్టి ఒక వైరు లాగి, మళ్ళీ ఆన్ చేశాడు. ఏడు స్పీకర్లూ ఒక్కసారిగా పాడాయి. మెట్ల మీద, వంటింట్లో, పడగ్గదుల్లో, అంతటా అమ్మవారి స్తోత్రమే. పూజగదిలో తప్ప.

"పూజగది లైను తీశానండీ. అక్కడ పోగులు కలుసుకున్నాయి. ఒక్కచోట కలిస్తే యాంప్లిఫయరు మొత్తం ఆగిపోద్ది."

ఓంకార్‌గారి మొహం మాడింది. ఆ జాయింటు ఎవరిదో ఆయనకి తెలుసు, వాళ్ళమ్మకీ తెలుసు.

"ఆ స్పీకరే డిఫెక్ట్ పీసయ్యుంటది" అన్నాడు.

"పీసు కాదండీ, మీరు కలిపిన జాయింటు!" అన్నా నేను, అందరికీ వినపడేట్టు.

"శుభమా అని పూజ చేసుకుంటుంటే ఈ రభసేంటయ్యా? బయటికి నడవండి" అంది వాసవాంబగారు.

"దించితే రెండు నిమిషాల పని అమ్మగారూ" అన్నాడు ప్రేమదాసు.

ఆమె వినిపించుకోలేదు. ఈ రోజుకీ ఆ స్పీకరు మోగలేదు. ఓంకార్‌గారు వచ్చినవాళ్ళకల్లా కంపెనీవాడు మోసం చేశాడని చెప్తున్నాడట.

సాంబయ్యగారు మా వెనకే గేటు దాకా వచ్చాడు.

"శబ్దం బాగుంది ప్రేమదాసూ. మా పనెప్పుడు మొదలెడతావ్?"

"మీరు రమ్మన్నప్పుడే సార్. ఒక్క మాట. ప్రతి స్పీకరూ నేనే కలపాలి, నేనే విని చూడాలి. అన్ని గదుల్లోనూ."

ఆయనకి అర్థమైంది. గ్లాసులో మిగిలిన కాఫీ కింద పారబోసి, "ఇంట్లో కనుక్కుని చెప్తా" అన్నాడు.

నాలుగు రోజులకి ఫోన్ వచ్చింది. ప్రేమదాసు స్పీకర్‌లో పెట్టాడు కాబట్టి నేనూ విన్నా.

"పని నీకేనయ్యా. నువ్వు చెప్పినట్టే, అన్నీ నువ్వే బిగించుకో. పూజగదికి మటుకు స్పీకరు వద్దనుకున్నాం. పదకొండు చాలు."

"సరేనండీ" అన్నాడు ప్రేమదాసు.

ఫోన్ పెట్టగానే నేను ఎగిరిపడ్డా. "ఎట్టా ఒప్పుకున్నావ్ బాబాయ్? నిన్ను లోపలికి రానియ్యకుండా ఉండటానికి స్పీకరే మానుకున్నారు! సిగ్గుండక్కర్లా వాళ్ళకి?"

"వాళ్ళకి లేకపోతే నన్నేం చెయ్యమంటావ్ రా?"

"పోనని చెప్పు. నేనైతే రాను."

"నువ్వు రాకపోతే ఇంకెవడో వస్తాడు. కన్నాలు నా కొలతకి కొయ్యడు. పదకొండు కన్నాలూ పాడు చేస్తాడు. అప్పుడనుకుంటారు, మైకులోడు అంతేనని."

ఆ మాట నాకు నచ్చలేదు. అయినా సోమవారం పొద్దున కన్నాలు కోసే మిషను భుజానేసుకుని ఆయనతోపాటు నందిగామ బస్సెక్కా. దారంతా ఆయనకి వినపడే కుడి చెవి పక్కనే కూర్చున్నా, కిటికీలోంచి బయటికి చూస్తూ.