ముక్కుగారి మూకీలు

సినిమా కాలేజీలో రీళ్ళ గది ఆయనది. అసలు పేరు హాజరు పుస్తకానికి తప్ప ఎవరికీ గుర్తులేదు. పిల్లలకూ పంతుళ్ళకూ ఆయన ముక్కుగారే. మాటలు రాని కాలపు సినిమాలు, అంటే మూకీలు, అక్కడ రేకు డబ్బాల్లో ఉంటాయి. రీలు చెడడం మొదలైతే ముందు పుల్లటి వాసన వేస్తుంది. పట్టించుకోకపోతే, తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచినట్టు, పక్క డబ్బాలకూ పాకుతుంది. అందుకే వారానికోసారి ప్రతి డబ్బా మూత తీసి, వాసన చూసి, బాగుంటే మూత మీద సుద్దముక్కతో గీత పెట్టడం ఆయన పని. ఇరవై ఆరేళ్ళలో ఒక్క రీలూ పోనివ్వలేదు. ఆ గర్వం ఆయనకు కాస్త ఎక్కువే, ఉండనివ్వండి.

చలికాలంలో జ్వరమొచ్చి తగ్గింది. ఓ ఉదయం పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే, పక్క గదిలో తాపీగా పేపరు చదువుకుంటున్నాడు. భార్య పరుగెత్తుకొచ్చింది.

"వాసన రావట్లేదా మీకు?"

రాలేదు. తర్వాత కూడా రాలేదు. డాక్టరు పెదవి విరిచాడు.

"కాలేజీలో చెప్పేయండి," అంది భార్య. "చెప్పడానికి మొహం చెల్లకపోతే నన్ను తీసుకెళ్ళండి. మూతలు మీరు తీయండి, వాసన నేను చూస్తా."

"ఇంకా నయం! ముక్కు అరువు తెచ్చుకున్నాడంటారు," అని కొట్టిపారేశాడు. వాసన తెలియని మనిషిని ఆ గదిలో ఎందుకుంచుతారన్నదే ఆయన భయం. ప్రతి సోమవారం మూతలు తీశాడు, వంగాడు, గీతలు పెట్టాడు. కంటికి ఏ తేడా కనిపించలేదు. అలా ఏడు నెలలు గడిచాయి.

మూకీల పాఠం చెప్పే మేడమ్ ఒకరోజు క్లాసుకి ఓ డబ్బా తెమ్మంది. ఒకావిడ బట్టలు ఆరేసుకుంటుంది, పదకొండు నిమిషాలు, అంతే సినిమా. ఎవరు తీశారో తెలియదు. ఇంకో ప్రతి ఎక్కడా లేదు. కంప్యూటర్లోకి ఎక్కించాల్సిన వరసలో అదే ముందుంది.

ఆయన డబ్బాను బల్ల మీద పెట్టి, పిల్లల వైపు తిరిగి నవ్వుతూ మూత తీశాడు. ముందు వరస అమ్మాయి రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. వెనక వరస వాళ్ళూ అంతే. ఎవరో లేచి కిటికీ తెరిచారు. గదిలో ముక్కు మూసుకోనిది ఆయనొక్కడే.

మేడమ్ రీలు కొస పట్టి లాగింది. పుటుక్కున తెగి చేతిలోకొచ్చింది. బొమ్మలున్న పొర ఎండిన చర్మంలా ఊడిపోతోంది.

"ఎన్నాళ్ళనుంచి తెలీట్లేదండీ మీకు?"

"చలికాలం నుంచమ్మా."

"ఒక్కమాట చెప్తే మేమంతా లేమా?"

ఆయనకు భూమి రెండుగా చీలితే బాగుండుననిపించింది.

ముందు వరస అమ్మాయిని ఆయన వెంట రీళ్ళ గదికి పంపారు. ఆ డబ్బా ఉన్న అల్మరాలో ఇంకా ముప్పై ఎనిమిది డబ్బాలున్నాయి. ఆయన మూత తీస్తాడు, ఆ పిల్ల వంగి వాసన చూసి తల అడ్డంగా ఊపుతుంది. ఆయన గీత చెరిపేస్తాడు. తొమ్మిదో డబ్బా దగ్గర ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇది... ఇది బాగానే ఉందండీ."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు.

"అబద్ధం చెప్పకు తల్లీ. ఆ పని నేను ఏడు నెలలు చేశాను," అని ఆ గీత కూడా చెరిపేసి, పదో డబ్బా కిందికి దించాడు.