నా నీలం బనీను

ఈ సాయంత్రం మాదన్నపేటలో ఫుట్‌బాల్ మ్యాచ్‌కు ముందు మా ఎమ్మెల్యే మనిషి తెల్ల బనీన్లు పంచాడు. ఎన్నికలప్పుడు నీలం బనీన్లు ఇచ్చింది కూడా ఆ ఎమ్మెల్యేనే. నిన్న ఆయన నీలం జెండా పార్టీ వదిలి తెల్ల జెండా పార్టీలోకి మారాడు. నా మొదటి ఓటు ఆయనకే వేశాను.

ఆయన కోసం నాతోపాటు గోడలు రాసి లాఠీ దెబ్బలు తిన్న మా కెప్టెన్ యాదగిరన్న కూడా తెల్లది తొడుక్కున్నాడు.

"గిదేందన్నా, నువ్వు గూడనా? సిగ్గులేదా?" అని అరిచాను.

"పాతది చినిగింది తమ్మీ. లొల్లి జెయ్యకు, ఆడుదాం రా."

నేను నీలం విప్పలేదు.

"టీముకు ఒక్కటే రంగు. బయట కూసో భాయ్," అన్నాడు రెఫరీ.

నేను లేకుండానే మావాళ్లు గెలిచారు. యాదగిరన్న తన పాత నీలం బనీనుతో బూట్ల బురద తుడుచుకున్నాడు.

నాది ఇంకా చినగలేదు. ఎవరికైనా కావాలా?