చెంబు నీళ్ళతో గీసిన స్టార్

మా చిన్నప్పుడు... హన్మకొండలో మా మిషన్ బడికి కంప్యూటర్లు వచ్చాయి. చెప్పులు బయట విడిచి, కాళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళాలి. ఒక్కో కంప్యూటర్ ముందు నలుగురం. నా వంతు వచ్చేసరికి సరిగ్గా గంట కొట్టేవారు...

నేర్పింది లోగో అనే భాష. తెర మధ్యలో ఓ తాబేలు. ఫార్వర్డ్ అంటే ముందుకు నడుస్తుంది, రైట్ అంటే కుడికి తిరుగుతుంది, నడిచిన దారంతా గీత పడుతుంది. పెన్ అప్ అంటే గీత పడదు. ఇంటికొచ్చినా నాకు అదే పిచ్చి.

మా అక్క గుండె జబ్బుతో బడి మానేసి ఇంట్లోనే ఉండేది. నేను చెప్పిందంతా విని, "తాబేలు నేనైత. నువ్వు చెప్పుకుంట పో" అంది.

చెంబుతో సన్నగా నీళ్ళధార పోస్తూ వాకిట్లో బండల మీద నడిచేది. అదే గీత. పెన్ అప్ అంటే చెంబు నిటారుగా పట్టుకునేది. ఫార్వర్డ్ నాలుగడుగులు దాటి చెప్పొద్దని అమ్మ హుకుం, అక్కకు ఆయాసం వస్తుందని.

క్రిస్మస్ ముందు అక్కకు స్టార్ గీయాలనిపించింది. గుమ్మానికి కట్టిన కాగితం స్టార్‌ను దింపించి, నా కోణమానినితో కొలిచి, ఒక్కో కొసన ఎంత తిరగాలో తేల్చింది. కానీ గీతకోసారి ఆగి ఊపిరి తీసుకునేది కదా... ఐదో గీత అయ్యేలోపు మొదటిది ఎండకు ఆరిపోయేది. ఎన్నిసార్లు గీసినా అంతే.

"కంప్యూటర్ల ఆరది గదనే... ఒక్కసారి మొత్తం సూడాలె" అంది.

బడిలో కంప్యూటర్ సార్‌ను అడిగాను. "సెలవులైనంక తోలుకరా బిడ్డా, సూపిస్త" అన్నారు. అంతే, క్రిస్మస్‌కు కుట్టించిన కొత్త గౌనును అక్క ఆ రోజు కోసం దాచుకుంది. పండుగ నాడు చర్చికి పాతదే వేసుకుంది.

సెలవుల్లోనే దవాఖానలో చేర్చారు. మళ్ళీ ఇంటికి రాలేదు. ఆ కొత్త గౌనుతోనే సాగనంపాం...

మొన్న మా పాప లాప్‌టాప్‌లో పైథాన్ భాష నేర్చుకుంటోంది. అందులోనూ తాబేలు ఉందట. "మమ్మీ, స్టార్ జూడు" అని పిలిచింది. రెప్పపాటులో ఐదు గీతలూ కలిశాయి. మొదటిది ఆరలేదు. అలాగే చూస్తూ ఏడ్చేశాను. పాప కంగారుపడి, తప్పేమైనా టైప్ చేశానా అని తెర చూసుకుంది.

ఇప్పుడు పిల్లలకు తలా ఒక కంప్యూటర్... వాకిట్లో నడిచే తాబేలే లేదు. మీతో పాటు పాఠం నేర్చుకుని, మీకంటే బాగా నేర్చుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళ పేరు కింద రాయండి.

మా అక్క పేరు సునీత.