కొండెక్కని దీపం

హిమాలయాల్లో పూలలోయ చూద్దామని నా స్నేహితుడు శేఖర్‌ని రమ్మన్నది నేనే. తిరుగుదారిలో వానకి కాలు జారి, నా కళ్ల ముందే పోయాడు.

నెల తర్వాత, అతను తీసిన పూల ఫొటోలు పట్టుకుని పుదుచ్చేరిలో ఉప్పళంలోని వాళ్లింటికి వెళ్లాను. తరతరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగువాళ్లు. వాళ్లమ్మ ఒక నీలిపువ్వు దగ్గర ఆగింది.

"దీనికి వాసన ఉంటాదా నాయనా?"

"లేదమ్మా."

"వాసన లేని పువ్వు కోసరమా అంత దూరం పోయినాడు?"

అంతలో ఫ్యాన్ గాలికి అతని పటం ముందున్న దీపం ఆరింది. ఆరిందనడం అశుభం కదా, మనవాళ్లందరూ అనే మాటే అలవాటుగా అనేశాను: "దీపం కొండెక్కిందమ్మా."

ఆమె అగ్గిపుల్ల గీసింది.

"ఆరిపోయినాదనే అను నాయనా. ఈ ఇంట్లో కొండెక్కినోడు ఒకడు సాలు."