అట్ట వేసిన పుస్తకం

జపాన్‌లోని నగోయాలో పుస్తకం కొంటే కొట్లోవాళ్లు అడిగి మరీ కాగితం అట్ట వేసిస్తారు. రైల్లో నలుగురి మధ్య కూర్చున్నా ఎవరేం చదువుతున్నారో ఎవరికీ తెలియదు. అడగడం మర్యాద కాదు. హిసాయో మహాతల్లి ఆ మర్యాదను ఇంట్లో కూడా పాటించింది, అదీ నలభై ఏళ్లు.

పెళ్లయిన కొత్తలో భర్త తదావొమిని ఒక్కసారి అడిగింది, "ఏం చదువుతున్నారండీ?" అని.

"ఏం లేదులే, ఊరికే" అన్నాడాయన. సరేనని గిన్నెలు కడగడానికి వెళ్లిపోయింది. ఏ హత్యల కథలో అయి ఉంటాయనుకుంది.

ఆయన పోయిన ఏడాదికి అల్మారా సర్దుతూ, బాగా నలిగిన పుస్తకమొకటి తీసి అట్ట విప్పింది. పైన అంగారక గ్రహం బొమ్మ! అరవై ఏళ్ల కిందటి నవల. కథ జరిగేది 1990లో. మనుషులు అంగారకుడి మీద గోధుమలు పండిస్తుంటారు. హిసాయోకి నవ్వొచ్చింది. ఆ ఏడు తమ ఇంటికొచ్చిన పెద్ద వింతల్లా కొత్త రైస్ కుక్కరే. ఆ మాట అనుకుని నవ్వుకోవడానికి పక్కన మనిషేడీ? ఇల్లు బావురుమంటోంది.

నవల్లో కథానాయకుడు వారానికోసారి భూమ్మీదున్న భార్యతో రేడియోలో మాట్లాడతాడు. ఏంటి విశేషాలంటే "ఏం లేదులే" అంటాడు. ఆమె వదలదు. "కాదు, చెప్పు" అంటుంది. అప్పుడు ఎర్రదుమ్ము సంగతి, రెండు చందమామల సంగతి, తన భయాల సంగతి అన్నీ చెప్పేస్తాడు.

హిసాయో పుస్తకం మూసేసింది. తను రెండోసారి అడగలేదు. అడిగితే చెప్పేవాడేమో. ఆ "ఏమో" గొంతులో చేపముల్లులా పట్టుకుంది.

మర్నాడు రైలెక్కి, అట్ట లేకుండానే పుస్తకం పట్టుకుని కూర్చుంది. ఆ నవల చదివినవాళ్లెవరైనా పలకరిస్తారని ఆశ. ఒక్కరూ తలెత్తలేదు. పక్కసీట్లో పెద్దాయనైతే తన అట్ట పుస్తకంలో మునిగిపోయి ఉన్నాడు. హిసాయో సిగ్గు విడిచింది.

"ఏం చదువుతున్నారండీ?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఏం లేదండీ, ఊరికే."

"కాదు, చెప్పండి."

"చెప్తే నవ్వుతారు. బంగారు చేపల పెంపకమండీ."

"నవ్వను. ఎన్నున్నాయేంటి మీ ఇంట్లో?"

ఇక ఆయన్ని ఆపేవాళ్లు లేరు. తొట్టె కడగడం, నీళ్లు మార్చడం, మేత వేయడం అన్నీ చెప్పాడు. మొన్న చలికాలంలో ముసలి చేప చచ్చిపోయిన సంగతికి వచ్చేసరికి హిసాయోకి కన్నీళ్లు ఆగలేదు.

"అయ్యో, చేపకే ఇంత బాధపడతారేంటండీ! మీది మరీ జాలి గుండె" అంటూ ఆయన జేబురుమాలు తీసిచ్చాడు.

హిసాయో కాదనలేదు. కళ్లు తుడుచుకుని, "తర్వాతేమైంది? చెప్పండి" అంది.