గోవిందమ్మ కళ్లకు గంతలు

మా పక్కింటి గోవిందమ్మకు దారి చెప్పినవాళ్లు ప్రొద్దుటూరులో ఎవరూ లేరు. చెప్పబోయినవాళ్లకు ఆమే దారి చెప్పి పంపేది. బస్సెక్కితే ముందు సీటులో కూర్చుని, "అప్పా, బర్రె అడ్డమొస్తాంది, హారను కొట్టు" అని డ్రైవరుకు చెప్పేది. సూది వేసే కాంపౌండరుకు సూది ఎక్కడ వేయాలో చెప్పేది. మా ఇంట్లో పెండ్లి జరిగినప్పుడు వంటవాళ్లు నన్ను అడగడం మానేసి ఆమెనే అడిగారు. నాకు కోపం రాలేదు. పప్పులో ఉప్పు సరిగ్గా పడింది మరి.

మనిషి పొట్టి, గొంతు పెద్దది. ముప్పై ఏండ్లుంటాయి. మొగుడు వదిలేశాక అన్న ఆదినారాయణ ఇంటికి వచ్చి చేరింది. బర్రెల పాలు పితికేది ఆమె, గానుగకు పోయే శనక్కాయలు చెరిగేది ఆమె, అన్న పిల్లలకు తలలంటేది ఆమె. వదిన నిర్మలమ్మ మంచిదే గానీ, ఆమెకు మంచం దిగాలంటే బద్ధకం.

మొగుడు ఎందుకు వదిలేశాడని వీధిలో అందరూ గుసగుసలు పోయేవారు. నాకు గుసగుసలు చేతకావు, అడిగేస్తాను. ఒకనాడు పొయ్యి దగ్గర ఆమె పక్కన కూర్చుని అడిగాను. దాచలేదు, చెప్పింది. తిరపతి పోదామని పులివెందుల నుంచి బయల్దేరదీసి, ముద్దనూరు స్టేషనులో బల్లమీద కూర్చోబెట్టి, "ఈడ్నే కూచో, అరటిపండ్లు తెస్తా, కదలాకు" అన్నాడట. ఆమె కదల్లేదు. రైలు వచ్చింది, పోయింది. పొద్దు గూకింది. స్టేషను మాస్టరు వచ్చి "ఎవరమ్మా నువ్వు?" అని అడిగేదాకా ఆ బల్లమీదనే ఉందట.

"ఆ పొద్దు నుంచి ఒకరు చెప్పినట్ల నేను చేసింది ల్యాదక్కా" అంటూ, పెనం మీది రొట్టెను ఉత్తచేత్తో తిరగేసింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడాది, జమ్మలమడుగులో మిషన్ వాళ్ల ఆడవాళ్ల ట్రైనింగు కాలేజీలో, మొగుడు వదిలేసినవాళ్లకు కూడా సీట్లు ఇస్తారని విన్నాను. గోవిందమ్మ పెండ్లికి ముందే ఎనిమిదో తరగతి పాసయింది. అక్కడ చదివి బయటికొస్తే టీచరు ఉద్యోగం. రోజూ ఆమె చెవిలో ఈ మాట వేసి వేసి, చివరికి ఒప్పించాను.

ఆదినారాయణ కాదనలేదు. నవ్వాడు.

"పోనీలే అక్కా. పోయినంత బిరీన తిరిగొస్తాది. ఆడ ఒకరు చెప్తే ఇనల్ల గదా, మా గోవిందుతో యాడయితాది? బర్రెలు ఆమెకోసరం కాచుకోనుంటాయిలే."

తిరిగొస్తే ఇక జన్మంతా ఆ బర్రెల దగ్గరే. ఇంకోసారి పొమ్మనేవాళ్లు ఉండరు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

కాలేజీలో పాఠాలు మొదలుకాక ముందు, కొత్తగా చేరినవాళ్లందర్నీ గండికోటకు తీసుకుపోయి, కొన్ని దినాలు గుడారాల్లో ఉంచుతారట. గదిలో చెప్పే చదువు సరే, కొండమీద ఏం చెబుతారు? అది చూడకుండా ఇంట్లో కూర్చోవడం నావల్ల కాలేదు. గోవిందమ్మను దిగబెట్టడానికి పోయినదాన్ని, వార్డెను ఎస్తేరమ్మ టీచరును నేనూ రావచ్చా అని అడిగాను.

"జొన్నరొట్టెలు తడతారా?" అంది ఆమె.

"తడతాను."

"అయితే బండి దగ్గర నిలబడండి."

సామాన్లన్నీ అల్లాబక్ష్ ఎద్దులబండిలో, మేమందరం నడక. కోటలోకి చేరగానే గోవిందమ్మ గుడారాల పని పట్టింది. "ఆ మేకు వంకర పోయింది, పీకి మళ్లా కొట్టు." "గాలి పెన్నేటి పక్క నుంచి వస్తాంది, గుమ్మం అటు పెడ్తారా ఎవురన్నా?" పదిహేడేండ్ల పిల్లలు బిత్తరపోయి ఆమె చెప్పినట్లే చేశారు. ఎస్తేరమ్మ ఒక రాతిమీద కూర్చుని చూస్తూ ఉంది.

సాయంత్రం ప్రార్థన. మీ దేవుణ్ణి మీరు తలుచుకోండి, కండ్లు మాత్రం మూసుకోండి అంది ఎస్తేరమ్మ. అయిపోయాక గోవిందమ్మ వైపు చూసి, "నువ్వు మూయలేదు" అంది.

గోవిందమ్మ పక్కన మైదుకూరులో కళాయి పూసే అమీర్ బాషా కూతురు మాబున్ని కూర్చుని ఉంది. ఈకంత పిల్ల, గొంతు అంతకన్నా సన్నం. "టీచర్, మీరు మూసుకోనుంటే అక్క మూయలేదని మీకెట్ల తెలిసె?" అనేసి, భయపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అందరూ నవ్వారు. ఎస్తేరమ్మ కూడా నవ్వి, "అయితే మీరిద్దరూ ఒక జత" అంది.

మరునాడు తెలిసింది ఆ జతలు ఎందుకో. జతలో ఒకరికి గంతలు కడతారు. రెండోవారు చెయ్యి పట్టుకుని, గుడారాల దగ్గర నుంచి రాళ్లూ కంపలూ దాటించి కోటవాకిలి దాకా నడిపించుకు పోవాలి.

"రేపు మీ చేతికి ఐదారేండ్ల పిల్లల్ని ఇస్తారు" అంది ఎస్తేరమ్మ. "పలకమీద మీరు రాసేదేదీ వాళ్లకు తెలియదు. అయినా మీ చెయ్యి పట్టుకుని వస్తారు. అట్లా రావడం ఎంత కష్టమో ముందు మీకు తెలియాల."

గోవిందమ్మ కండ్లకు గుడ్డ కట్టారు. నాలుగడుగులు వేసిందో లేదో మొదలుపెట్టింది. "మ్మే, ఇటు కాదు. గొర్రెల వాసన వస్తాంది, ఆడ మంద ఉంటాది. కుడికి పోదాం రా." మాబున్ని కుడికి పోయింది. "ఈడ ఎండ తగలకపోయె, గోడ పక్కకొచ్చినాం. ఇంగ సాఫుగా నడువు." పైగా గుడ్డ కింది సందులోంచి నేల చూస్తూనే ఉంది. ముల్లు ఉన్నచోట ముందుగానే కాలెత్తుతుంటే ఎవరికి తెలియదు? అందరికన్నా ముందు వాకిలి చేరి, "అయిపాయె" అంది.

"గంతలు మాబున్నికి కట్టినట్లుంది" అంది ఎస్తేరమ్మ. "మళ్లీ నడువు."

మళ్లీ నడిచింది. మళ్లీ అదే తంతు. వెనక ఎవరో పిల్ల, "ముసలామెకు ఆట గూడా రాదు" అని కిసుక్కుమంది. గోవిందమ్మ గుడ్డ విప్పి, మడిచి, మాబున్ని చేతిలో పెట్టి గుడారంలోకి పోయింది.

ఆ రాత్రి పెద్దవాన. పొద్దున అల్లాబక్ష్ సరుకుల కోసం జమ్మలమడుగుకు పోతూ కోటవాకిలి దగ్గర బండి కడుతుంటే, బండిలో గోవిందమ్మ రేకుపెట్టె కనబడింది. పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చాను. ఆమె గుడారం ముందు జడ ముడి వేసుకుంటూ నిలబడి ఉంది.

"ఏందే ఇది?"

"ఇంటికి పోతాండా."

"పోయి ఏం జేస్తావు?"

"బర్రెలు కాసుకుంటా. అవి నా కండ్లకు గుడ్డ కట్టవు."

"చదువుకు నువ్వు పనికిరావని ఎవురన్నారే?"

"ఎవురూ అనల్యా. ఒకరి చెయ్యి పట్టుకోని కండ్లు మూసుకుంటే నాకు ముద్దనూరు స్టేషను అగుపిస్తాదక్కా. నావల్ల గాదు."

చేతుల పిండి కొంగుకు తుడుచుకున్నాను. అంతలో మాబున్ని వచ్చింది. నిన్నటి గుడ్డ రెండు చేతులా పిండుతూ ఉంది.

"పోతే పో అక్కా. పోయేముందర ఒక్కసారి నాతో రా."

"యాలా?"

"నిన్న రెండుసార్లు వాకిలి కాడికి పోతిమి గదా, ఒక్క అడుగు గూడా నేను నడిపీల్యా. ఇంట్లో మా దాదీ అంతే, ఏం పట్టుకున్నా చేతిలోంచి లాక్కుంటాది, నీకు రాదు పొమ్మంటాది. ఈడికొచ్చినా అంతేనా? ఒక్కసారి నన్ను నడిపీనీ అక్కా."

గోవిందమ్మ ఆ పిల్లను పైనుంచి కిందికి చూసింది. వెనక్కి తిరిగి, తల వంచింది. మాబున్ని గుడ్డ కట్టింది. ఈసారి కింద సందు లేకుండా, తానే చేత్తో సర్దుకుంది గోవిందమ్మ.

వాళ్ల వెనకే నడిచాను. గుడారాల్లోంచి పిల్లలు ఒక్కొక్కరే బయటికొచ్చి చూస్తున్నారు. "రాయుందక్కా, కాలెత్తు." ఎత్తింది. "ఇటు తిరుగు." తిరిగింది. చెప్పాలని పెదవులు కదులుతున్నాయి, పండ్లతో నొక్కిపెట్టుకుంటోంది. మెడ నరాలు తేలాయి. మాబున్నికేమో ఆమె మొహం మీదే కన్ను, దారి మీద లేదు.

ముందర, రాత్రి వానకు నిండిన గుంత. ఎర్రటి బురదనీళ్లు. నేను చూశాను, అరవబోయాను. అప్పటికే గోవిందమ్మ కాలివేళ్లకు తడి తగిలింది. ఆగింది. ముక్కుపుటాలు అదిరాయి. బర్రెల కొట్టంలో పొర్లిన మనిషికి బురద వాసన తెలియకుండా ఉంటుందా? ఇంక అయిపోయింది, ఆ పిల్లను తిడుతుంది అనుకున్నాను.

తిట్టలేదు. అడుగు ముందుకే వేసింది. మోకాళ్ల దాకా దిగబడింది.

"యా అల్లా!" అని మాబున్ని ఏడుపు మొహం పెట్టి తానూ దూకింది. "చూసుకోల్యా అక్కా, చూసుకోల్యా!"

కండ్లకు గుడ్డ అట్లాగే ఉంది. చీర ఎర్రగా తడిసి కాళ్లకు చుట్టుకుంది. గోవిందమ్మ నవ్వడం మొదలుపెట్టింది. పక్కింట్లో అన్నేండ్లు ఉన్నా ఆమె అట్లా నవ్వగా నేను వినలేదు.

"సరేలే మ్మే, దిగినాం. ఇంగ యాటికి? ఎడమకా, కుడికా?"

"కుడికక్కా" అంది మాబున్ని ముక్కు చీదుకుంటూ.

కుడికే పోయారు. వాకిలి చేరాక ఆమె గుడ్డ విప్పుకుని కాళ్లు తుడుచుకుంటుంటే, ఉండబట్టలేక చెవిలో అడిగాను.

"నీకు తెలిసె గదా గుంతుందని?"

"తెల్సు."

"మరి యాలా చెప్పల్యా?"

"దాని చెయ్యి వణకతాన్నెక్కా. నేను చెప్పింటే ఇంగ అది యా పొద్దూ ఎవుర్నీ నడిపీదు."

ఎస్తేరమ్మ టీచరు కాస్త దూరంలో నిలబడి చూసింది. దగ్గరికి రాలేదు. మంచి మనిషి, ఎప్పుడు రాకూడదో తెలుసు.

అల్లాబక్ష్ ఎద్దుల్ని అదిలించి, "ఏమ్మా, పెట్టె ఉండనీల్లా, దించల్లా?" అన్నాడు.

గోవిందమ్మ ఒకసారి బండి వైపు చూసింది, ఒకసారి తడి కుచ్చిళ్లు పిండుకుంటున్న మాబున్ని వైపు చూసింది.

"దించప్పా" అంది. అతను పెట్టెమీద చెయ్యి వేయగానే గొంతు లేచింది. "ఆ పక్క గాదు, ఈ పక్క పట్టుకో. ఆ కొక్కెం ఊడింటాది. మెల్లగా, మెల్లగా... బురదలో పెడతాండావే, రాతిమీద పెట్టప్పా!"